డాక్టర్ హూలోకి దొడ్డిదారే మేలు

డాక్టర్ హూ ఎక్కడి నుంచి చూడటం మొదలుపెట్టాలని ఎవరు అడిగినా వచ్చే జవాబు దాదాపు ఒక్కటే: 2005 నుంచి. ఆ ఏడాది మార్చి 26న బీబీసీ ఆ ధారావాహికను మళ్లీ కొత్తగా మొదలుపెట్టింది. బొమ్మ స్పష్టంగా ఉంటుంది, చాలా కథలు ముప్పావు గంటలో తేలిపోతాయి, పాతవి తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు అంటారు. ఆ ‘తర్వాత’ చాలామందికి ఎప్పటికీ రాదు. చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే కానీ సలహా మాత్రం నాకు రుచించదు. 1963 నవంబర్ 23న మొదలై 1989 డిసెంబర్ 6న ఆగిపోయిన పాత డాక్టర్ హూని, దాని పక్కనే 1964 నుంచి నడుస్తూ వచ్చిన కామిక్స్‌ని కలిపి ఆస్వాదించడమే సరైన పద్ధతి అని నా వాదన. కామిక్స్ అనగానే ముఖం చిట్లించేవాళ్లతో ఈ మాట ఇంకా గట్టిగా చెబుతాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. డాక్టర్ అనేవాడు కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే గ్రహాంతరవాసి. అతని వాహనం టార్డిస్ చూడటానికి ఒకప్పుడు బ్రిటన్ వీధుల్లో ఉండే నీలం రంగు పోలీసు టెలిఫోను పెట్టెలా ఉంటుంది, లోపల మాత్రం మహా విశాలం. చావు దగ్గరపడితే డాక్టర్ ఒళ్లంతా మారి కొత్త మనిషవుతాడు. మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం క్షీణించినప్పుడు, 1966లో, గండం గట్టెక్కడానికి కనిపెట్టిన ఉపాయం అది. తొలి నిర్మాత వెరిటీ లాంబర్ట్. తొలి కథకు దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. అప్పటికి ఇద్దరికీ ముప్పై ఏళ్లు కూడా లేవు. ఇంతకు మించి ముందుగా తెలుసుకోవలసినది ఏమీ లేదు.

పాత ఎపిసోడ్ల మీద పడే మొదటి నింద నత్తనడక. ఏకబిగిన చూస్తే ఆ నింద నిజమే అనిపిస్తుంది. పాత డాక్టర్ హూ కథ ఒక్కటే, కానీ అది ముక్కలుగా వస్తుంది. 1970ల నాటికి ఎక్కువగా నాలుగు ముక్కలు, ఒక్కొక్కటీ 25 నిమిషాలు, వారానికి ఒకటి. మూడో భాగంలో సాధారణంగా ఎవరో ఒకరు పట్టుబడతారు, తప్పించుకుంటారు, నడవాల్లో పరిగెత్తుతారు, తిరిగి పట్టుబడతారు. నాలుగు భాగాలూ ఒకే రాత్రి మింగేస్తే ఆ మూడో భాగం గొంతులో అడ్డుపడుతుంది. కానీ దాన్ని అలా మింగడానికి ఎవరూ తయారు చేయలేదు. వారం ఎదురుచూసి వచ్చినవాడికి ఆ పరుగులో ఊపిరి ఉంటుంది. ఎందుకంటే పోయిన వారం ఆగిన చోటే అతని మనసు ఇంకా నిలబడి ఉంది.

డాక్టర్ బద్ధశత్రువులైన డలెక్‌లు తొలిసారి తెర మీదికి వచ్చిన తీరు చూడండి. 1963 డిసెంబర్ 21న ప్రసారమైన భాగం చివర డాక్టర్ సహచరి బార్బరా ఒంటరిగా ఒక లోహపు నగరంలో దారి తప్పుతుంది. తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటాయి. ఆమె గోడకు ఆనుకుని కేక పెడుతుంది. ఆమె మీదికి వచ్చేదాని చేయి ఒక్కటే మనకు కనిపిస్తుంది. అంతే, సశేషం. అది ఏమిటో తెలియాలంటే డిసెంబర్ 28 దాకా ఆగాలి. ఆ వారం రోజులూ ప్రేక్షకులు తమ తలలో ఎవరి రాక్షసుణ్ని వాళ్లు గీసుకుని ఉంటారు. రేమండ్ క్యూసిక్ రూపకల్పన చేసిన డలెక్ గొప్పదే, కాదనను. కానీ అది ముందు చూసేవాళ్ల ఊహలో పుట్టింది, తర్వాతే స్టూడియో నేల మీద దొర్లింది.

ఆ కథనే 2023లో రంగులద్ది 75 నిమిషాలకు కుదించారు. ఏడు భాగాల కథ అది, మూడు గంటలకు కాస్త తక్కువ. మరుసటి ఏడాది పది భాగాల ‘ద వార్ గేమ్స్’కి కూడా అదే శాస్తి జరిగింది, నాలుగు గంటల కథను గంటన్నరకు దించారు. కొత్త తరాన్ని ఆకట్టుకోవడానికే అన్నారు. రంగుల సంగతి నాకు పట్టింపు లేదు, కొన్ని చోట్ల బాగున్నాయి కూడా. కోతే నచ్చలేదు. కేకకీ జవాబుకీ మధ్య ఉండవలసిన వారం, క్షణంలోకి కుంచించుకుపోయింది. తీసేసినదంతా పొల్లు అని కత్తెర పట్టినవాళ్లు అనుకుని ఉంటారు. నా దృష్టిలో అందులో గింజలే ఎక్కువ పోయాయి.

ఇక కామిక్స్. ఒక కాకతాళీయం నాకు ఎప్పుడూ ముచ్చట గొలుపుతుంది. 1979లో డగ్లస్ ఆడమ్స్ కలం ముద్ర స్పష్టంగా కనిపించే ‘సిటీ ఆఫ్ డెత్’ ప్రసారమవుతోంది. పోటీ చానల్ ఐటీవీ సమ్మెలో మూతపడి ఉండటంతో చివరి భాగాన్ని కోటీ అరవై లక్షల మందికి పైగా చూశారు. పాత ధారావాహిక చరిత్రలో అదే అత్యధికం. సరిగ్గా ఆ కథ రెండో భాగానికీ మూడో భాగానికీ మధ్య, అక్టోబర్ 11న, మార్వెల్ బ్రిటన్ శాఖ ‘డాక్టర్ హూ వీక్లీ’ తొలి సంచికను అంగళ్లలో పెట్టింది. లోపల ‘ది ఐరన్ లీజియన్’ అనే బొమ్మల కథ తొలి భాగం. రచన పాట్ మిల్స్, జాన్ వాగ్నర్. బొమ్మలు డేవ్ గిబ్బన్స్. రోమన్ సామ్రాజ్యం ఎన్నడూ కూలిపోని మరో లోకం నుంచి యంత్ర సైనికులు ఒక ఇంగ్లండ్ పల్లె మీద పడతారు. అంటే ఆ వారం అభిమానికి సశేషాలు రెండు, ఒకటి తెర మీద, ఇంకొకటి కాగితం మీద. ఆ పత్రిక తర్వాతి ఏడాది మాసపత్రిక అయింది, ఇప్పటికీ నడుస్తోంది.

కామిక్స్‌ని మెచ్చుకునేవాళ్లు సాధారణంగా చెప్పే కారణం డబ్బు. బీబీసీ స్టూడియోలో అట్టముక్కలతో కట్టలేని రోమ్ నగరాన్ని గిబ్బన్స్ సిరా సీసాతో కట్టేశాడు అంటారు. కావచ్చు. 1974 నాటి డైనోసార్ల కథలో ఆ రబ్బరు బొమ్మలను చూసినవాళ్లెవరూ ఈ మాటను కాదనలేరు. అయినా నన్ను కట్టిపడేసింది ఆ హంగు కాదు. హంగు కావాలంటే ఇప్పుడు తెర మీద కావలసినంత దొరుకుతుంది. బొమ్మల కథలో కాలం నా చేతిలో ఉంటుంది, అదీ అసలు సంగతి. ఒక గడి దగ్గర ఎంతసేపు ఆగాలో, పేజీ ఎప్పుడు తిప్పాలో నేనే నిర్ణయిస్తాను. కాలంలో తిరిగేవాడి కథ చదవడానికి ఇంతకంటే తగిన తీరు ఏముంటుంది? రెండు గడుల మధ్య ఉన్న ఆ సన్నని తెల్లటి సందులో ఒక్క క్షణం గడవవచ్చు, వెయ్యేళ్లు కూడా గడవవచ్చు.

1982లో వచ్చిన ‘ద టైడ్స్ ఆఫ్ టైమ్’ మొదటి పేజీలు దీనికి మంచి ఉదాహరణ. స్టీవ్ పార్క్‌హౌస్ రచన, బొమ్మలు గిబ్బన్స్‌వే. ఐదో డాక్టర్ స్టాక్‌బ్రిడ్జ్ అనే పల్లెలో హాయిగా క్రికెట్ ఆడుతుంటాడు. బంతి వస్తుంది. వస్తూ వస్తూ చేతిబాంబుగా మారిపోతుంది. టీవీలో అయితే దీనికి ఒక శబ్దం, ఒక మెరుపు, డాక్టర్ ముఖంలో ఒక ఆశ్చర్యం కావాలి. కాగితం మీద ఏ హెచ్చరికా లేదు. ఒక గడిలో ఉన్నది తర్వాతి గడిలో ఇంకొకటి. కాలం చెదిరిపోతోందని ఎవరూ ఉపన్యాసం ఇవ్వనవసరం లేదు, చదివే కన్ను తానే తొట్రుపడుతుంది. అక్కడి నుంచి ఆ కథ మధ్యయుగపు యోధుణ్నీ, విశ్వం తీరునే మార్చే యంత్రాన్నీ, మెలానికస్ అనే పిశాచాన్నీ కలుపుకుంటూ పిచ్చిగా, అందంగా సాగుతుంది. ఐదో డాక్టర్ కాలంలో తెర మీద వచ్చిన కథల్లో ఒకటి రెండు తప్ప ఏవీ దీని దరిదాపుల్లోకి రావని నా అభిప్రాయం. ఆ ఒకటి రెండింటిలో 1984 నాటి ‘ద కేవ్స్ ఆఫ్ ఆండ్రోజని’ ముందుంటుంది.

ఇక్కడే ఆరో డాక్టర్ కోటు గురించి కూడా చెప్పేస్తాను. కాలిన్ బేకర్ మంచి నటుడు. ఆయనకు తొడిగిన ఆ రంగురంగుల అతుకుల కోటు మాత్రం ఎపిసోడ్ మొత్తం కళ్లలో గుచ్చుకుంటూనే ఉంటుంది. జాన్ రిడ్జ్‌వే గీసిన ‘వోయజర్’లో అదే కోటు నలుపు తెలుపుల్లో ఉంటుంది. ఆ పీడ విరగడ కాగానే డాక్టర్ కనిపిస్తాడు, దిగులూ పొగరూ ఉన్న మనిషి. పక్కన ఫ్రోబిషర్ అనే సహచరుడు. ఏ రూపమైనా ధరించగలిగి కూడా పెంగ్విన్‌గా ఉండటానికే ఇష్టపడే ప్రైవేటు డిటెక్టివ్. ఈ పెంగ్విన్ కంటతడి పెట్టించగలదంటే చదవనివాళ్లు నమ్మరు.

తెరా కాగితమూ ఒకదాని ఖాళీని ఇంకొకటి ఎలా పూరిస్తాయో తెలియాలంటే 1969 సంగతి తప్పక చెప్పుకోవాలి. ఆ జూన్‌లో ‘ద వార్ గేమ్స్’ ముగిసింది. డాక్టర్ సొంత జాతి అయిన టైమ్ లార్డ్‌లు అతన్ని పట్టుకుని విచారణ జరిపి, భూమికి ప్రవాస శిక్ష వేసి, ముఖం కూడా మార్చేస్తామని తీర్పు చెప్పారు. రెండో డాక్టర్ ప్యాట్రిక్ ట్రౌటన్ చీకట్లో గిరగిరా తిరుగుతూ మాయమవుతాడు. కొత్త ముఖం చూపించలేదు. మూడో డాక్టర్ జాన్ పెర్ట్‌వీ తెర మీదికి వచ్చేది 1970 జనవరిలో. మరి ‘టీవీ కామిక్’ అనే పిల్లల వారపత్రిక ఏం చేయాలి? దానికి వారం వారం కథ కావాలి. డాక్టర్‌కు శిక్ష పడింది, ముఖం ఇంకా మారలేదు.

వాళ్లు ఏమాత్రం తడబడలేదు. రెండో డాక్టర్‌ని లండన్‌లో ఒక ఖరీదైన హోటల్లో దించారు. ప్రవాస శిక్ష పడినవాడు హోటల్లో మకాం పెట్టి పేరుప్రఖ్యాతులు సంపాదిస్తాడు, టీవీ కార్యక్రమంలో కూడా కూర్చుంటాడు. చివరికి ‘ద నైట్ వాకర్స్’ అనే కథలో, ఒక పొలంలో దిష్టిబొమ్మలు రాత్రిళ్లు నడుస్తున్నాయని విని చూడటానికి వెళ్తాడు. అవి టైమ్ లార్డ్‌లు పంపిన భటులు. అవే అతన్ని పట్టి టార్డిస్‌లోకి ఈడ్చుకెళ్లి ముఖం మార్పిస్తాయి. దిష్టిబొమ్మలు! తెర మీద చూపించని రూపాంతరాన్ని ఒక పిల్లల పత్రిక, తనకున్న ఆ కొద్ది పేజీల్లో, ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడనట్టు గీసి పారేసింది. బీబీసీ ఆ ఖాళీని తన పద్ధతిలో పూరించడానికి 2024 నాటి రంగుల కుదింపు దాకా పట్టింది. రెండూ చూశాను. దిష్టిబొమ్మలకే నా ఓటు.

పోయిన ఎపిసోడ్ల సంగతి ఇంకా విచిత్రం. అప్పట్లో వీడియో టేపు ఖరీదైనది, చెరిపి మళ్లీ వాడుకోవచ్చు. ఇంట్లో క్యాసెట్ పెట్టుకుని చూసే రోజులు ఇంకా రాలేదు. పునఃప్రసారాల మీద నటీనటుల సంఘంతో ఒప్పందాల పరిమితులు ఉండేవి. అందుకే బీబీసీ టేపులు చెరిపేసింది, విదేశాలకు పంపే ఫిల్ము ప్రతుల్లో చాలా వాటిని పారేసింది. మొదటి ఆరు సీజన్లలో 253 ఎపిసోడ్లు ఉంటే, 2013లో నైజీరియాలోని జోస్ నగరంలో తొమ్మిది దొరికాయని ప్రకటించిన తర్వాత కూడా 97 లేకుండానే మిగిలాయి. హార్ట్‌నెల్ ట్రౌటన్‌గా మారే ఎపిసోడ్ కూడా పోయిన వాటిలోనే ఉంది. ఆ మార్పు జరిగే క్షణాలు మాత్రం మిగిలాయి, అదీ ఒక పిల్లల కార్యక్రమం 1973లో ఆ ముక్కను వాడుకున్నందువల్ల.

అయితే ఆ ఎపిసోడ్లన్నిటి శబ్దమూ ఉంది. అప్పటి కుర్రకారు టీవీ ముందు టేపురికార్డరు పెట్టి పట్టుకున్నారు. చాలా వాటికి బొమ్మలు కూడా ఉన్నాయి. జాన్ క్యూరా అనే ఫోటోగ్రాఫర్ ప్రసారమవుతున్న టీవీ తెరను ఫోటోలు తీసి నటులకూ దర్శకులకూ అమ్మేవాడు. ఏడు భాగాలూ పోయిన ‘మార్కో పోలో’ ఫోటోలు దశాబ్దాల తర్వాత వారిస్ హుస్సేన్ దగ్గర బయటపడ్డాయి. ఆయన దర్శకత్వం వహించని నాలుగో భాగానివి తప్ప. ఇప్పుడు ఈ శబ్దాన్నీ ఈ ఫోటోలనూ జతచేసి చూస్తాం. ఒక నిశ్చల చిత్రం, దాని మీద మాటలు, ఆ తర్వాత ఇంకో నిశ్చల చిత్రం. మధ్యలో జరిగినది మనమే ఊహించుకోవాలి. ఇది బొమ్మల కథ కాక మరేమిటి? కామిక్స్ నాకొద్దు, అసలు ధారావాహికే కావాలి అని పట్టుబట్టేవాడు కూడా మార్కో పోలో దగ్గరికి వచ్చేసరికి కామిక్సే చదువుతున్నాడు.

1989లో ధారావాహిక ఆగిపోయాక 2005 దాకా టీవీలో మిగిలింది ప్రధానంగా 1996 నాటి టీవీ చిత్రం ఒక్కటి. ఎనిమిదో డాక్టర్ పాల్ మెక్‌గాన్‌కి ఆ ఏళ్లలో తెర మీద దక్కినది ఆ గంటన్నరే. అదే డాక్టర్, వీక్లీగా మొదలైన ఆ మాసపత్రిక పేజీల్లో 1996 నుంచి 2005 దాకా బతికాడు. అక్కడ అతనికి స్టాక్‌బ్రిడ్జ్ నుంచి వచ్చిన ఇజీ అనే సహచరి ఉంది, ఆమెకు ఎదుగుదల ఉంది, వీడ్కోలూ ఉంది. ‘ద ఫ్లడ్’ అనే చివరి కథలో ఈ డాక్టర్ తొమ్మిదో డాక్టర్‌గా మారడాన్ని చూపించుకోమని కొత్త ధారావాహిక సారథి రస్సెల్ టి. డేవిస్ అవకాశం ఇచ్చినా, పత్రిక వద్దనుకుంది. చేతికి వచ్చిన అంత పెద్ద ఘట్టాన్ని వదులుకోవడానికి కథ మీద ఎంత నమ్మకం ఉండాలి!

ఇవన్నీ లెక్కలోకి వస్తాయా, ‘అసలు’ చరిత్రలో ఇవి జరిగినట్టేనా అని వాదించుకునేవాళ్లున్నారు. ఏది అధికారికమో ఏది కాదో బీబీసీ ఎన్నడూ జాబితా రాసి ఇవ్వలేదు. ఇవ్వలేదు కాబట్టి ఆ తగువు నాకు అనవసరం. కావాలంటే ఇంకో సంగతి: 1980లో పత్రికలో వచ్చిన ‘ద స్టార్ బీస్ట్’, 2023లో అరవై ఏళ్ల పండుగకు టీవీ కథ అయి కూర్చుంది.

మచ్చలు లేవనడం లేదు. టీవీ కామిక్ తొలి ఏళ్ల కథలు చాలావరకు నాసిరకం. డాక్టర్‌కు జాన్, గిలియన్ అని ఎక్కడా లేని మనవడినీ మనవరాలినీ తగిలించారు. డలెక్‌ల హక్కులు ‘టీవీ సెంచరీ 21’ పత్రిక దగ్గర ఉన్నాయని ట్రాడ్‌లు అనే నకిలీలను తెచ్చారు. ఆ హక్కులు ఖాళీ అయి డలెక్‌లు తమ పేజీల్లోకి రాగానే, వాటి చేతే ట్రాడ్‌లను తుడిచిపెట్టించారు. ఇది నవ్వుకుని వదిలేసే సంగతి. 1977 నాటి ‘ద టాలన్స్ ఆఫ్ వెంగ్-చియాంగ్’ మాత్రం అలా వదిలేసేది కాదు. రాబర్ట్ హోమ్స్ మాటల పదును, విక్టోరియా కాలపు లండన్ పొగమంచు అన్నీ అద్భుతం. కానీ చైనా ఇంద్రజాలికుడి పాత్రను ఒక తెల్ల నటుడికి ముఖం మార్చి వేయించారు, చుట్టూ ఉన్న చైనావాళ్లందరూ మూస దుర్మార్గులు. కాలమే అలాంటిది అని సర్దిచెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. మూడేళ్లకే అదే ధారావాహిక కామిక్స్‌లో షారన్ అనే నల్లజాతి బడిపిల్ల టార్డిస్ ఎక్కింది, కథను నడిపించింది. టీవీలో నల్లజాతి సహచరుడు టార్డిస్‌లో ప్రయాణించేది 2006లో. కాలం ఒక్కటే, చేతులు వేరు.

షారన్ వచ్చేది పైన చెప్పిన ‘ద స్టార్ బీస్ట్’లోనే. ముద్దొచ్చే బొచ్చు ప్రాణి ఒకటి గాయపడి దాక్కుంటుంది, పిల్లలు దాన్ని కాపాడతారు, అది నిజానికి పరమ కిరాతకుడు. ఈ మలుపు టీవీలోనూ ఉంది, బాగానే ఉంది. కాకపోతే గంటలో అయిపోవాలి కాబట్టి ఆ ప్రాణిని ప్రేమించడానికి మనకు తీరిక దొరకదు. పత్రికలో అది వారాల పాటు ముద్దుగా ఉంటుంది, మధ్య మధ్య ఒక గడిలో దాని మనసులో మాట మనకు మాత్రమే తెలుస్తూ.

కాబట్టి అడిగినవాళ్లకు నేను చెప్పేది ఇది. ‘సిటీ ఆఫ్ డెత్’తో మొదలుపెట్టండి, రోజుకు ఒక్క భాగం, అంతకు మించి వద్దు. భాగానికీ భాగానికీ నడుమ ‘ది ఐరన్ లీజియన్’ ఒక్కో విడత చదవండి, అది పుస్తకంగా కూడా వచ్చింది. ఆ తర్వాత 1975 నాటి ‘జెనెసిస్ ఆఫ్ ద డలెక్స్’, దానికి జోడీగా టీవీ సెంచరీ 21లో 1965 నుంచి రెండేళ్ల పాటు 104 వారాలు నడిచిన డలెక్‌ల బొమ్మల కథ. వారానికి ఒకే పేజీ, పూర్తి రంగుల్లో. అందులో డాక్టర్ ఎక్కడా కనిపించడు, దుర్మార్గులే కథానాయకులు. అది నచ్చితే ‘ద వార్ గేమ్స్’ పది భాగాలూ నలుపు తెలుపుల్లోనే చూసి, దిష్టిబొమ్మల దగ్గరికి వెళ్లండి. జాన్, గిలియన్‌ల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి.